గెలకు సీటుబెల్టు

మొహమాటానికి పోతే ఏదో అయిందని మనకొక సామెత ఉంది. పూర్తిగా పలకాలంటే ఎవరికైనా మొహమాటమే కాబట్టి సగంలో ఆపేద్దాం. కంకిపాడు రత్తయ్య గారి అమ్మాయి సింధూరి మాత్రం మొహమాటానికి పోయి, ఒక అరటిగెల చేతిలో చావు తప్పి కన్ను లొట్టపోయినంత పని తెచ్చుకుంది. అదీ నేల మీద కాదు, కొల్లేటికి నాలుగువేల అడుగుల ఎత్తున.

అసలు సింధూరికి 'వద్దు' అనే మాట పుట్టుకతోనే రాలేదు. పెళ్ళి బంతిలో రెండో గారె వెయ్యబోతే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టడం మన వైపు పసిపిల్లలకైనా తెలుసు. అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి వేసేవాళ్ళుంటారు, అది వేరే సంగతి. ఈ పిల్ల ఆ చెయ్యైనా పెట్టేది కాదు. వేసినవన్నీ తిని, ఇంటికొచ్చి వాము నమిలేది. "మా అమ్మాయి ఎంత అణకువో!" అని తల్లి శివపార్వతి నలుగురిలో మురిసిపోయేది. అది అణకువ కాదు, జబ్బు. ఆ జబ్బుతో ఉద్యోగం చేసుకోవచ్చు, కాపురం చేసుకోవచ్చు, నాయకుల పక్కన నిలబడి ఫొటోలు దిగవచ్చు. విమానం నడపడం మాత్రం కష్టం.

నడుపుతానంది. ఎవరేది పెడితే అది తిని, ఎవరే కోర్సంటే ఆ కోర్సు చదివిన పిల్ల, ఇంజనీరింగ్ అయిన మర్నాడు "నాన్నా, నేను పైలట్ అవుతా" అంది. జన్మలో ఏదీ అడగని పిల్ల అడిగేసరికి రత్తయ్యకు కాదనడానికి మొహమాటం వేసింది. జబ్బు ఎవరి పోలికో అర్థమయ్యే ఉంటుంది.

ఫ్లయింగ్ స్కూలు మరీ దూరం కూడా కాదు. కంకిపాడు దాటి ఉయ్యూరు వైపు వెళితే చెరకుతోటల మధ్యలోనే ఉంది. దాని చైర్మన్ వెంకటకృష్ణారావు గారు. ఆయన మొదట రైసుమిల్లు పెట్టారు. మిల్లు నడిచిందని సినిమాహాలు కట్టారు, హాలు నడవలేదని దాన్ని జూనియర్ కాలేజీ చేశారు, ఆ పిల్లలే మళ్ళీ ఎక్కడికో పోవడమెందుకని ఇంజనీరింగ్ కాలేజీ తెచ్చారు. ఆ ఊపులో చెరకు పొలాలు కొని వెంచరు వేశారు. ప్లాట్లు అమ్ముడుపోలేదు. మధ్యలో వేయించిన పొడుగాటి వెడల్పాటి రోడ్డు మాత్రం మిగిలింది. "ఇంత రోడ్డు ఏం చేసుకుంటారండీ?" అని ఎవరో అడిగితే, పక్కనున్నవాడు "విమానాలు దించుకుంటారు" అని నవ్వాడట. చైర్మన్ గారికి ఎగతాళి అర్థం కాదు. ఆయన ఆస్తి అంతా అలా అర్థం కాని ఎగతాళి మీదే పెరిగింది. వెంచరు తాలూకు ఆర్చి ఇప్పటికీ అక్కడే ఉంది, దాని మీద 'ఫేజ్ వన్' అని అక్షరాలూ ఉన్నాయి. ఫేజ్ టూ ఆకాశం కాబోలు.

పాఠం చెప్పేది ఫిలిప్ గారు. ఎయిర్‌ఫోర్సులో చేసి రిటైరై, గుణదల నుంచి రోజూ పాత బుల్లెట్ మీద వచ్చేవారు. మనిషి గట్టివాడు, మాట ఇంకా గట్టిది. మొదటిరోజు సింధూరిని రెండు సీట్ల బుల్లి విమానంలో కూర్చోబెట్టి తలుపు వేస్తే పాత మారుతీ కారు తలుపు వేసిన చప్పుడే అయింది. నేల మీద విమానాన్ని కాళ్ళతో తిప్పాలి. సింధూరికి స్కూటీ అలవాటు. కాళ్ళు కదపకుండా చేతిలో ఉన్నదాన్ని తిప్పింది. విమానం వినలేదు, తిన్నగా రోడ్డు దిగి చెరకులోకి పోయింది.

"అమ్మాయ్, చెరకు కొట్టే మిషను వేరే ఉంది," అన్నారు ఫిలిప్.

మొదటిసారి పైకి వెళ్ళినప్పుడు శివపార్వతి పెట్టి పంపిన పెసరట్టు ఉప్మా ఫిలిప్ గారి చెప్పుల మీద పడింది. దించడం నేర్చుకుంటున్న రోజుల్లో విమానం నేలకు తగిలి ఎగిరి, మళ్ళీ తగిలి మళ్ళీ ఎగిరేది. "దించడం అంటారు దీన్ని. నువ్వు చేసేది నాట్లెయ్యటం," అనేవారు ఆయన. ప్రతి తిట్టుకీ సింధూరి "సరే సార్" అనేది. తిట్టేవాడికే విసుగొచ్చేంత వినయం.

కానీ ఒకటి చెప్పాలి. పైన ఆ పిల్ల వేరు. చక్రాలు నేల వదిలి, కాలవలూ చేలూ చేపల చెరువులూ కిందికి జారిపోతుంటే సింధూరికి గుండె నిండిపోయేది. అక్కడ ఎవరూ రెండోసారి వడ్డించరు. అటు వెళ్ళాలా ఇటు వెళ్ళాలా అన్నది తనే అనుకోవాలి, అనుకున్నాక తిప్పాలి. ఆ చిన్న సంగతే ఆ పిల్లకు ఎంత సుఖంగా ఉండేదో ఇంట్లో ఎవరికీ తెలియదు, తను చెప్పనూ లేదు. ఒంటరిగా మొదటిసారి ఎగిరి దిగినరోజు, స్కూలు ఆనవాయితీ ప్రకారం నెత్తిన బకెట్టు నీళ్ళు పోయబోతే, శివపార్వతి అడ్డం వచ్చి "ఉత్త నీళ్ళేంటండీ" అని పసుపు కలిపింది. పెళ్ళికూతురిలా పచ్చగా నిలబడి ఆ పిల్ల ఏడ్చింది. ఆనందం వల్లే ఏడ్చింది.

ఇక పొరుగూళ్ళకు ఎగిరే పాఠాలు మొదలయ్యాయి. ఇదే స్కూలుకి రాజమండ్రి అవతల, తునికి ఇవతల మరో రన్‌వే ఉంది. అక్కడిదాకా దారి చూసుకుంటూ వెళ్ళి, దిగి, తిరిగి రావాలి. మొదట ఫిలిప్ గారు పక్కన కూర్చుంటారు, తర్వాత ఒక్కతే వెళ్ళిరావాలి. ఈ సంగతి సింధూరి అన్నం తింటూ ఇంట్లో చెప్పింది. అక్కడే పొరపాటు జరిగింది.

మన జిల్లాలో మనిషి ఊరికే ఎక్కడికీ వెళ్ళకూడదు. బస్సెక్కినా రైలెక్కినా చేతిలో ఎవరిదో ఒక సంచి ఉండాలి. "ఎట్టాగూ వెళ్తన్నావుగా" అన్న మాటకు తిరుగులేదు.

"ఎట్టాగూ తునిదాకా వెళ్తన్నావుగా, పిన్నికి ఈ ఆవకాయ సీసా ఇచ్చిరా. బాబాయి బండేసుకుని గేటు దగ్గరికొస్తాడు," అంది శివపార్వతి.

"అమ్మా, అది విమానం..."

"మరీ మంచిది. బస్సులో అయితే కుదుపులకి నూనె కారిద్ది."

సింధూరి సీసాను పుస్తకాల బ్యాగులో పెట్టుకుంది. తర్వాతిసారి పక్కింటావిడ మ్యాచింగ్ జాకెట్టుగుడ్డ వచ్చింది. ఆ తర్వాత ఎదురింటివాళ్ళ శుభలేఖలు, ఉయ్యూరు బెల్లం దిమ్మ, రత్తయ్య పురుగుమందుల కొట్టుకి వచ్చే రైతు పంపిన పొట్లకాయ విత్తనాలు. వీధి మొత్తానికీ సింధూరి తుని బస్సయింది. ప్రతిసారీ గొంతుదాకా వచ్చిన 'కుదరదు' నోట్లోకి వచ్చేసరికి 'సరేనండి' అయ్యేది.

ఒకరోజు ఆవకాయే బయటపెట్టింది. పైకి వెళ్ళేకొద్దీ గాలి పలచబడుతుంది కదా, సీసాలో ఉన్న గాలికి పెత్తనం వచ్చి మూత లేచింది. కాబిన్ అంతా ఇంగువ వాసన. ఫిలిప్ గారు వెనక్కి తిరిగి చూసేలోపే నూనె సీటు కిందుగా వచ్చి ఆయన తెల్లప్యాంటును పలకరించింది. దిగాక ఆయన బ్యాగు బోర్లించారు. బెల్లం దిమ్మ దొర్లుకుంటూ వచ్చి ఆయన కాళ్ళ దగ్గర ఆగింది.

"ఇదేంటి?"

"బెల్లం సార్."

"బెల్లమని నాకూ తెల్సమ్మా. ఇక్కడెందుకుంది?"

"ఎట్టాగూ వెళ్తన్నావుగా అన్నారు సార్."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. సింధూరిని నీడలో కూర్చోబెట్టి ఒక్కటే చెప్పారు. "చిన్న విమానం తల్లీ ఇది. తోక దగ్గర బరువు పెరిగితే ముక్కు లేస్తది, ముక్కు లేస్తే నువ్వూ నేనూ కింద పడతాం. రేడియోలో అవతలోడు చెప్పిన పని మనవల్ల కాకపోతే ఒక మాటుంది. 'అనేబుల్'. అంతే. కారణం చెప్పక్కర్లా, క్షమాపణ అక్కర్లా, 'ఏమీ అనుకోకండి' అక్కర్లా. అవతల దేవుడున్నా సరే, అనేబుల్. అను."

"అనేబుల్ సార్."

"ఇప్పుడు నేను కంట్రోల్ రూమ్. ఇరవైవేల అడుగులకి ఎక్కు."

ఆ విమానం అందులో సగం ఎక్కితే గొప్ప. సింధూరి తల ఊపింది. "ట్రై చేస్తాను సార్."

ఫిలిప్ గారు తల పట్టుకున్నారు. ఆనాటి నుంచి రోజూ పాఠానికి ముందు ఆ మాట పదిసార్లు అనిపించేవారు, మంత్రోపదేశం లాగా. విమానం ఎక్కే ప్రతి వస్తువూ, కర్చీఫుతో సహా, తనకు చూపించి ఎక్కించాలని కట్టడి చేశారు. పార్సిళ్ళు ఆగిపోయాయి. వీధివీధంతా సింధూరికి పొగరెక్కిందనుకుంది. ఆపింది సింధూరి కాదని, సారు కోప్పడ్డారని శివపార్వతి ఇంటింటికీ వెళ్ళి సంజాయిషీ చెప్పుకుంది.

అయితే గురువుగారి సంగతి కూడా ఒకటుంది. చైర్మన్ గారి కారు ఆర్చి దాటి వస్తుందనగానే ఫిలిప్ గారి చెయ్యి తనంతట తనే చొక్కా పైగుండీ పెట్టేసేది. "ఫిలిప్, మా బావమరిదిని ఒక రౌండు తిప్పుకురావయ్యా" అంటే "అలాగేనండి". "రేపు ఆదివారం, అయినా రావాలి" అంటే "అలాగేనండి". ఆదివారం ప్రార్థన మానేసి మరీ వచ్చేవారు. ఆయన పిల్లలిద్దరూ చైర్మన్ గారి కాలేజీలోనే చదువుతున్నారు. ఎయిర్‌ఫోర్సు నేర్పిన 'అనేబుల్' ఆకాశంలోనే ఉండిపోయింది, ఆయనతో పాటు నేలకు దిగలేదు. సింధూరి ఇది చూసింది. చూసి, పెద్దవాళ్ళ సంగతి మనకెందుకని ఊరుకుంది.

వేసవి చివరికొచ్చింది. ఇక మిగిలింది ఒక్కటే: ఒంటరిగా ఆ రన్‌వేకి వెళ్ళి రావడం. అది సవ్యంగా జరిగిందని ఫిలిప్ గారు రాసిస్తే లైసెన్సుకి అర్హత వచ్చినట్టే. జరగకపోతే వానలు పడతాయి, విమానం రిపేర్లకు పోతుంది, ఇంట్లో అప్పటికే వినపడుతున్న "సరదా తీరిందిగా" అన్న మాట ఖాయమవుతుంది. సింధూరికి అన్నం సయించడం మానేసింది. జీవితంలో తను అడిగింది ఈ ఒక్కటే.

సరిగ్గా అదే వారంలో చైర్మన్ గారు కూతుర్ని కాపురానికి పంపారు. వియ్యాలవారిది గోదావరి అవతల, ఆ రెండో రన్‌వేకి దగ్గర్లోనే. వాళ్ళు కిందటి ఆషాఢంలో కావిళ్ళు పంపితే ఊరేగింపు ఊరి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఉందట. ఇప్పుడు ఇక్కడినుంచి సారె వెళ్ళాలి. లడ్డూలూ కాజాలూ చక్కిలాలూ లారీలో వెళ్ళాయి. కానీ లారీలో ఎవడైనా పంపుతాడు.

సింధూరి బయల్దేరే రోజు పొద్దున విమానం దగ్గరికి చైర్మన్ గారి కారు వచ్చింది. వెనకే ఫొటోగ్రాఫరు. వెనకే, ఇద్దరు మోస్తే తప్ప కదలని చక్కెరకేళి గెల. పసుపు రాసి, బొట్లు పెట్టి, ఎర్ర రిబ్బను కట్టారు.

"ఏం తల్లీ, ఒక్కదానివే వెళ్తన్నావంటగా!" అన్నారు చైర్మన్ గారు. "పక్క సీటు ఖాళీగా పోవటం ఎందుకు? శాస్త్రానికి ఒక్క గెల. నీ పక్కన మనిషి కూర్చున్నా ఇంతకన్నా బరువేగా. ఆకాశమార్గాన సారె పంపినోడు కృష్ణాజిల్లాలో ఇంకోడు లేడు. నీ పేరు కూడా నిలిచిపోద్దమ్మా."

అనేబుల్. మాట గొంతు దగ్గరే ఉంది. రోజుకి పదిసార్లు అన్న మాట. సింధూరి ఫిలిప్ గారి వైపు చూసింది. ఆయన గాలి ఎటు వీస్తుందో చూపించే గుడ్డసంచి వైపు చూస్తున్నారు. కర్చీఫు కూడా చూపించి ఎక్కించమన్న మనిషికి అంత గెల కనపడలేదు. ఆకు కదలని ఆ పొద్దున గుడ్డసంచిని అంత శ్రద్ధగా చూడాల్సిన అవసరం ఏమిటో ఆయనకే తెలియాలి.

"అలాగేనండి," అంది సింధూరి.

గెలను కుడి సీట్లో కూర్చోబెట్టి సీటుబెల్టు పెట్టారు. గెల పక్కన నల్లకళ్ళద్దాలు పెట్టుకుని నవ్వమన్నాడు ఫొటోగ్రాఫరు. నవ్వింది.

ఆ విమానంలో రెండు సీట్ల ముందూ రెండు స్టీరింగుల లాంటివి ఉంటాయి. వాటిని వెనక్కి లాగితే ముక్కు లేస్తుంది, ముందుకు తోస్తే దిగుతుంది. ఒకటి కదిలితే రెండోది కూడా కదులుతుంది. బయల్దేరేముందు సింధూరి లాగి చూసుకుంది, తోసి చూసుకుంది. గెల పెద్దమనిషిలా వెనక్కి ఆనుకుని కూర్చుంది, ఏ ఇబ్బందీ లేదు. ఎగిరింది. గుడివాడ దాటింది. భయం తగ్గి, పాత సుఖం కొంచెం కొంచెంగా వస్తోంది.

కొల్లేటి మీదికి వచ్చేసరికి ఎండ ఎక్కి గాలి కుదపడం మొదలెట్టింది. ఒక కుదుపుకి గెల బెల్టులోంచి కాస్త జారింది. రెండో కుదుపుకి ముందుకు వంగింది. మూడోదానికి ఏకంగా ఆ రెండో స్టీరింగు మీద బోర్లా పడుకుంది. విమానం ముక్కు దించింది. సింధూరి తన స్టీరింగు వెనక్కి లాగింది. రాలేదు. అటువైపు గెల దాని మీద కూర్చుని ఉంది. కొల్లేటి నీళ్ళు అద్దం నిండా వచ్చాయి.

అప్పుడు ఆ పిల్ల ఏమందో చెబితే నమ్మరు. "కొంచెం వెనక్కి జరగండీ," అంది. అరటిగెలతో. అండీ అని.

గెల జరగలేదు. అంత పెద్దమనిషి పంపిన గెల ఎందుకు జరుగుతుంది? చెవుల్లో గాలి ఈల వేస్తోంది. సింధూరికి చావు కనపడింది. దాని పక్కనే ఇంకోటి కూడా కనపడింది. తను చచ్చిపోతే ఊళ్ళో అందరూ "పాపం, ఎంత అణకువైన పిల్లో" అనుకుంటారు. ఒళ్ళు మండిపోయింది. ఎడం చేత్తో తన స్టీరింగు పట్టుకుని, కుడిచేత్తో గెల పై అత్తాన్ని పట్టుకుని పెరికింది. పది పన్నెండు పళ్ళు ఒక్క లాగుతో ఊడొచ్చాయి. వెనక్కి విసిరింది. ఇంకో అత్తం పెరికింది. రిబ్బను తెంపింది. పళ్ళు చితికి చెయ్యంతా జిగురు. పెద్దవాళ్ళు పెట్టినదాన్ని తీసి పారేయడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. మిగిలిన గెల తేలికపడి, ఒక్క తోపుకి వెనక్కి వెళ్ళింది. స్టీరింగు వచ్చింది. ముక్కు లేచింది. మిగతా దారంతా కుడిచెయ్యి గెల మీద అదిమిపెట్టి, ఎడం చేత్తోనే నడిపింది.

అవతల రన్‌వే మీద నాట్లు వేసినట్టే దిగింది. విమానం ఆగేసరికి సన్నాయి మేళం మొదలైంది. పట్టుచీరల్లో ఆడవాళ్ళు పళ్ళేలు పట్టుకుని వచ్చారు. చైర్మన్ గారి వియ్యపురాలు తలుపు తీసి చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"తెగిన గెలా? సారెలో తెగిన గెల పంపారా? ఏవండీ, ఇది సారేనా అండీ, అపశకునమా?"

చెయ్యంతా జిగురుతో కూర్చున్న పిల్లను మంచినీళ్ళు కావాలా అని ఒక్కరూ అడగలేదు. పైగా, ఎంత కోపమొచ్చినా బుట్ట ఖాళీగా పంపకూడదు కదా, అది మర్యాద కాదు. గెల దిగిన సీట్లోకి ఇద్దరు కలిసి పెద్ద పనసపండు మోసుకొస్తున్నారు. సింధూరికి ఆ ఒక్క మాట ఇంకా నోటికి రాలేదు. కాళ్ళకు మాత్రం బుద్ధి వచ్చింది. తలుపు వేసుకుని, ఇంజను స్టార్టు చేసి, పనసపండును రన్‌వే మీదే వదిలేసి పారిపోయి వచ్చింది.

దిగేసరికి చైర్మన్ గారు ఫోను పట్టుకుని ఎర్రగా ఉన్నారు. "ఏం పిల్లవమ్మా! రెండు అత్తాలు తినేశావా దారిలో? వియ్యాలవాళ్ళ ముందు నా పరువు ఏమైంది?"

సింధూరి జరిగింది చెప్పింది. ఫిలిప్ గారి మొహం పాలిపోయింది. చైర్మన్ గారు "ఏదో ఒకటి, గెల తెంపకుండా చూసుకోవాల్సింది" అని కారెక్కారు.

మామూలుగా అయితే అంతటితో పోయేది. కానీ మన దగ్గర పనికంటే ముందు ఫ్లెక్సీ పుడుతుంది. సింధూరి తిరిగి రాకముందే కంకిపాడు సెంటర్లో ఒకటి, బెజవాడ వన్ టౌన్‌లో ఒకటి లేచాయి. 'ఆకాశమార్గాన సారె! కెప్టెన్ సింధూరి సారథ్యంలో!' చైర్మన్ గారి తల విమానమంత, విమానం ఈగంత, మధ్యలో సీటుబెల్టు పెట్టుకున్న గెల, పక్కన నల్లకళ్ళద్దాల్లో నవ్వుతున్న సింధూరి. ఎవరో ఫోనులో తీశారు. ఫోనులోంచి ఫోనులోకి పోయి పోయి విమానాల శాఖ ఆఫీసులో తేలింది. వారం తిరక్కుండా ఇన్‌స్పెక్టరమ్మ వస్తున్నట్టు కబురొచ్చింది.

ఆవిడ రావడానికి గంట ముందు సింధూరిని చైర్మన్ గారి గదిలోకి పిలిచారు. రత్తయ్య అప్పటికే అక్కడ కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. చైర్మన్ గారి తోటలన్నిటికీ పురుగుమందులు వెళ్ళేది రత్తయ్య కొట్లోంచే. ఫిలిప్ గారు కిటికీ దగ్గర నిలబడ్డారు, పైగుండీ పెట్టుకుని.

"చిన్న మాట సాయం తల్లీ," అన్నారు చైర్మన్ గారు. గొంతులో తేనె కారుతోంది. "'గెల నేనే ముచ్చటపడి పెట్టించుకున్నా, ఎవరికీ తెలీదు' అని చెప్పు. ఆడపిల్లవి, చిన్నదానివి, మందలించి వదిలేస్తారు. లేకపోతే స్కూలు మూతపడిద్ది, నీతోటి పిల్లలంతా రోడ్డున పడతారు."

"పెద్దాయన అంతగా అడుగుతుంటే ఒక్క మాటేగా బంగారం," అన్నాడు రత్తయ్య.

సింధూరి ఫిలిప్ గారి వైపు చూసింది. ఆయన గొంతు సవరించుకుని, "నీకు చిన్న శిక్షతో పోతుందమ్మా," అన్నారు, కిటికీతో.

"అయినా," చైర్మన్ గారు నవ్వారు, "ఆ రోజు వద్దని నువ్వు ఒక్క మాటంటే మేం పెట్టేవాళ్ళమా తల్లీ?"

ఆ మాట దెబ్బలా తగిలింది. ఎందుకంటే అది నిజం. అబద్ధం కూడా. కాదనే వీలు లేకుండా పెట్టడం వాళ్ళకు తెలిసిన విద్య, తర్వాత "వద్దనాల్సింది" అనడం అదే విద్యలో రెండో పాఠం. ఆవకాయ సీసాలోంచి అరటిగెల దాకా తన మీద పెట్టినవన్నీ సింధూరికి వరసగా గుర్తొచ్చాయి. ఇప్పుడు పెడుతున్నది అన్నిటికంటే బరువైనది. దీనికి సీటుబెల్టు కూడా లేదు.

ఇన్‌స్పెక్టర్ నడివయసావిడ. కాఫీ వద్దంది. ఎంత తేలిగ్గా వద్దందో చూసి సింధూరి ఆశ్చర్యపోయింది. ఫ్లెక్సీ ఫొటో బల్ల మీద పెట్టి, "ఇది ఎవరు ఎక్కించారు?" అని అడిగింది.

గదిలో ముగ్గురు మగవాళ్ళు సింధూరి వైపు చూశారు. పెళ్ళి బంతిలో గరిటె పట్టుకుని నిలబడ్డట్టే ఉన్నారు.

"చైర్మన్ గారు ఎక్కించారండి. ఫిలిప్ సార్ అక్కడే ఉన్నారు," అంది సింధూరి. "వద్దనాల్సింది నేను. అనలేదు. ఆ తప్పు నాదే."

"అమ్మాయ్!" చైర్మన్ గారు లేచారు. "మనం అనుకున్నదేంటి, నువ్వు చెప్పేదేంటి? పెద్దవాళ్ళ మాట..."

"అనేబుల్ అండీ."

రేడియోలో అన్నట్టే అంది. గొంతు పెంచలేదు, కారణం చెప్పలేదు, ఏమీ అనుకోకండి అనలేదు. ఆ అండీ ఒక్కటి మాత్రం పోలేదు. అది రక్తంలో ఉంది, పోదు.

ఇన్‌స్పెక్టర్ జాలిపడలేదు. విమానంలో కూర్చుని తలుపు వేసుకున్నాక చైర్మనూ లేడు, గురువూ లేడు, నువ్వే ఉన్నావు, గెలతో ఎగిరింది నువ్వే అని చెప్పింది. ఆ ప్రయాణం లెక్కలోకి రాలేదు. ఆరు నెలలు విమానం ముట్టుకోకూడదన్నారు. ఫిలిప్ గారిని పాఠాలు చెప్పకుండా ఆపారు. స్కూలుకి తాళం పడింది. కోతలకి చైర్మన్ గారు రన్‌వే మీద వడ్లు ఆరబోయించారు, రోడ్డుకి ఇన్నాళ్ళకు తగిన పని దొరికింది. ఊళ్ళో మాత్రం ఒకటే మాట: పెద్దమనిషి స్కూలు మూయించిన పిల్ల. అణకువ అన్నవాళ్ళే అన్నారు. రత్తయ్య కూతురితో చాలారోజులు సరిగ్గా మాట్లాడలేదు. కాదనడానికి మొహమాటపడ్డ మనిషి, కోప్పడడానికి మొహమాటపడలేదు.

ఆరు నెలలూ గడిచాక సింధూరి మరో రాష్ట్రంలోని స్కూలులో చేరి మిగిలింది పూర్తి చెయ్యడానికి సూట్‌కేసు సర్దుకుంటుంటే, వీధిలో పాత బుల్లెట్ ఆగింది. ఫిలిప్ గారు. పైగుండీ పెట్టుకుని లేరు. శివపార్వతి కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళింది. ఆయన సగం తాగి గ్లాసు కింద పెట్టారు.

"ఆ రోజు గాలి లేదమ్మా," అన్నారు.

"తెలుసు సార్. నేనూ చూశాను."

ఆయన మిగిలిన కాఫీ తాగేశారు. సింధూరికి ఆయన మీద కోపం పోలేదు. ఆయన నేర్పిన మాట మీద ప్రేమా పోలేదు. రెండూ ఒకే మనిషి మీద ఎలా ఉంటాయో తెలియక ఖాళీ గ్లాసు తీసింది.

ఆయన లేచి బుల్లెట్ తాళం తీసుకుంటుండగా శివపార్వతి లోపల్నుంచి గబగబా వచ్చింది. చేతిలో గుడ్డ చుట్టిన ఆవకాయ సీసా.

"ఎట్టాగూ గుణదల వెళ్తన్నారుగా సారూ, అక్కడే మా ఆడపడుచు ఉంటది. చర్చి దాటాక రెండో సందు, కాస్త ఇచ్చి వెళ్ళరూ?"

ఫిలిప్ గారు సీసా వైపు చూశారు. నోరు తెరిచారు. ఆ నోట్లోంచి రాబోయేది ఏమిటో సింధూరికి తెలుసు.

తల్లి చేతిలోంచి సీసా తీసుకుని గూట్లో పెట్టింది. "సార్ అనేబుల్ అమ్మా," అంది.